లైన్ సక్కగా వస్తాంది

ఇప్పుడు మీ చేతుల్లో ఉండే పరికరాలు చాలా మర్యాదస్తులు. తీగ తగిలిస్తే చాలు, అన్నీ అంకెల్లో రాసి చూపిస్తాయి. మా కాలపు ఆసిలోస్కోపుకి అంత మర్యాద లేదు. తెర మీద ఒక పచ్చటి గీత గీసి ఊరుకునేది. దానికి అర్థం చెప్పుకోవలసింది మనమే. పాత రోజుల సరదా సంగతి ఏదైనా మన సంచికకి రాయండి సార్ అని మీరడిగారు. సరదా సంగతులు నా దగ్గర లేకపోలేదు. కానీ కలం పట్టుకుంటే చెయ్యి ఈ ఒక్కదాని మీదికే పోతోంది. చదవాలనిపించకపోతే పేజీ తిప్పేయండి, నేనేమీ అనుకోను.

డెబ్బైలలో నేను మొదట ఒరిస్సాలో, రాయగడలో పనిచేశాను, టెలిఫోన్ క్యారియర్ గదిలో. ఒకే జత రాగి తీగల మీద మూడు నాలుగు సంభాషణలు ఒకేసారి పంపే యంత్రాలుండే గది అది. ఇటు రాయగడ, అటు కోరాపుట్, మధ్యలో లక్ష్మీపూర్ ఘాటు, అంటే కొండదారి. ఆ ఘాటు అడవిలో స్తంభాల మీద మా తీగలు పోయేవి. గాలొచ్చినా, వానొచ్చినా, కోతి ఊగినా, ఇక్కడ మా ప్రాణాలు పైకి పోయేవి.

మా గదికి ఆసిలోస్కోపు కావాలని అడగ్గా అడగ్గా ఒకటి వచ్చింది. ఏదో ప్రాజెక్టు మూసేసినప్పుడు వేలంలో కొన్నదట. సెకండ్‌హ్యాండ్ అనడానికి కూడా నోరు రాలేదు, దాని మీద ఎన్ని చేతులు పడ్డాయో ఆ దేవుడికే తెలియాలి. గాజు తెర నడుమ ఎవరో వెలుగు చుక్కని కదలకుండా అలాగే వదిలేసినందుకు కాలిన మచ్చ. ఒక నాబ్ ఊడిపోతే దాని స్థానంలో పెన్ను మూత దిగ్గొట్టి ఉంది. ఎలా వాడాలో చెప్పే పుస్తకం లేదు. ఆన్ చేస్తే చాలాసేపు తెర చీకటిగా ఉండేది. తర్వాత మసగ్గా ఒక గీత కనిపించేది, అదీ ఒక పక్కకి వాలి.

“ఇదేటి బాబూ, పచ్చవాతం వచ్చినోడి మూతిలాగ ఓ పక్కకి వాలిపోనాది?” అన్నాడు మా బ్యాటరీ బాబాయి.

పార్వతీపురం వైపు మనిషి ఆయన. బ్యాటరీ గది చూసుకునేవాడు. యాసిడ్ పడీ పడీ ఖాకీ చొక్కా జల్లెడైపోయింది. వయసులో నాకు తండ్రిలాంటివాడు. నేను బాబాయి అనేవాణ్ణి, ఆయన నన్ను బాబూ అనేవాడు, తిక్కరేగినప్పుడు సార్ అనేవాడు. ఆ పెట్టె వాడకం ఆయనకి నేర్పింది నేనే. పొద్దున్నే వచ్చి దాన్ని వేడెక్కించడం, తెర మీద గీత రప్పించడం, వంపు తీసి సమంగా నిలబెట్టడం ఆయన పని. అప్పుడు మేం టెక్నీషియన్లం వచ్చి తీగలు తగిలించి చూసుకునేవాళ్లం.

చూడటం అంటే ఏమిటో రెండు ముక్కల్లో చెబుతాను. తెర మీద గళ్లుంటాయి. అడ్డంగా పోయేది కాలం, నిలువుగా లేచేది బలం. ఏ సంకేతమూ రాకపోతే తెర మీద ఉత్త అడ్డగీత. సంకేతం వస్తే ఆ గీత అలలుగా లేస్తుంది. సంకేతం బాగుంటే అల నునుపుగా ఉంటుంది, చెడితే నెత్తి చదునవుతుంది, లేదా ముళ్లు మొలుస్తాయి. అంతే విద్య. కానీ మా పెట్టె పాతది, మా ఊరి కరెంటు దానికంటే పాతది. ఎర్తు సరిగ్గా లేకపోయినా, తీగ కొనకి వేలు తగిలినా, కరెంటు గుయ్యిమనే రొద వచ్చి గీత ఊరికే అలలు పోయేది. అందుకని బాబాయికి నేను గట్టిగా చెప్పాను: “అలలు కనిపిస్తే ఎర్తు చూసుకో. గీత సమంగా, కదలకుండా నిలబడితేనే పెట్టె సిద్ధమైనట్టు.” ఆయనకి సంబంధించినంత వరకు అది నిజమే. మిగతా సగం ఆయన పని కాదు కదా అని చెప్పలేదు, ఆయనా అడగలేదు.

ఇంకొక మాట. నేను గీత అనేవాణ్ణి. బాబాయి లైన్ అనేవాడు. “లైన్ వచ్చింది బాబూ, రా” అని కేకేసేవాడు. ఆ ప్రాంతంలో లైన్ అనే మాట చెయ్యని చాకిరీ లేదు. కరెంటు లైనే. కరెంటు పోతే వీధివీధంతా “లైన్ గలా” అని ఒడియాలో అరిచేది. టెలిఫోన్ తీగా లైనే. ఆసిలోస్కోపు మీది గీతా లైనే. ఎవరు ఏ లైను గురించి అంటున్నారో మొహం చూస్తే తెలిసిపోయేది కాబట్టి ఎవరికీ ఇబ్బంది రాలేదు.

కొన్నాళ్లకి నన్ను కోరాపుట్ మార్చారు. పెట్టె రాయగడలోనే ఉండిపోయింది, బాబాయితోపాటు.

కోరాపుట్‌లో మా గది పక్కనే ట్రంక్ బోర్డు, ఊరికీ ఊరికీ కాల్స్ కలిపేది. అక్కడ ఒకావిడ ఆపరేటరు. కృష్ణా జిల్లా వైపు నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం. ఆఫీసులో చిన్నా పెద్దా అందరూ ఆవిణ్ణి అక్క అనేవారు. భర్త గుణుపూర్ దగ్గర పద్మపూర్‌లో స్కూలు మాస్టారు. ఆవిడ జిల్లాకి ఈ కొసన, ఆయన ఆ కొసన. ఇద్దరిలో ఎవరినో ఒకరిని మార్చమని పెట్టుకున్న అర్జీలు ఏ ఫైలు కింద నిద్రపోతున్నాయో తెలియదు. శనివారం సాయంత్రం ఆయన సైకిలు తొక్కుకుంటూ గుణుపూర్ పోస్టాఫీసుకొచ్చేవాడు. బోర్డు ఖాళీగా ఉంటే ఈవిడ మాట్లాడేది. అక్క కాపురం సగం మా తీగల మీదే జరిగిందని మేం ఏడిపించేవాళ్లం. “మీ తీగల్లాగే ఉంది నాయనా కాపురం, వానొస్తే తెగిపోతుంది” అని ఆవిడ నవ్వేది.

ఆ రోజు వానాకాలపు పొద్దు. అక్క అప్పుడే డ్యూటీ ఎక్కింది. రాయగడ నుంచి ఆవిడకే ఫోను. పద్మపూర్ స్కూల్లో భర్తతో పనిచేసే ఇంకో మాస్టారు మాట్లాడుతున్నాడు. భర్తకి నాలుగు రోజులుగా మలేరియా. తగ్గకపోతే ముందురోజు రాయగడ ఆసుపత్రికి తీసుకొచ్చారు. జ్వరం మెదడుకి ఎక్కుతుందేమోనని డాక్టరు భయపడుతున్నాడు. “తెలివిలోనే ఉన్నారమ్మా. మీతో మాట్లాడతానని ఒకటే గోల. డాక్టరుగారి గదిలో ఫోనుంది, కుర్చీలో మోసుకొస్తున్నాం, లైన్లోనే ఉండండి” అన్నాడట. ఆ మాటతోనే తెగిపోయింది.

అక్క హెడ్‌సెట్ మెడలో వేసుకునే మా గదిలోకి వచ్చింది. గొంతు స్థిమితంగానే ఉంది.

“తమ్ముడూ, రాయగడ బస్సు స్టాండులో ఉంది. హారన్ కొడుతున్నాడు. ఎక్కనా, ఉండనా? నువ్వు చెప్పినట్టు చేస్తాను.”

అప్పటికి ఆ ఊళ్ల మధ్య రైలు లేదు. రాయగడకి బస్సు అదొక్కటే, అది పోతే మళ్లీ మర్నాడే. ఎక్కితే మధ్యాహ్నం దాటాక ఆయన పక్కన ఉంటుంది, కానీ అంతదాకా ఆయన గొంతు వినలేదు. ఉంటే, లైన్ బాగుపడిన నిమిషంలో మాట్లాడుతుంది. ఆయన కుర్చీలో కూర్చుని ఎదురుచూస్తున్నాడు. ఆవిడ అడిగింది ఇంత సూటి ప్రశ్న.

జవాబు చెప్పాలంటే పాడైంది ఎక్కడో తెలియాలి. ఘాటులో రాగి తీగ తెగి ఉంటే అది ఇప్పట్లో అయ్యేది కాదు, బస్సెక్కమనడమే. తీగ బాగుండి నా యంత్రం పాడై ఉంటే అరగంట పని. రాగి తీగలకి కింద, అవే స్తంభాల మీద, పాత ఇనుప తీగ జత ఒకటుండేది, మా సిబ్బంది మాట్లాడుకోవడానికి. నూతిలోంచి మాట్లాడినట్టుండేది, అదీ ఎండాకాలంలో. దాని మీద రాయగడని పిలిచాను. బాబాయి పలికాడు. టెక్నీషియన్ సెలవులో ఉన్నాడు, ఆయనొక్కడే ఉన్నాడు.

నేను ఇటునుంచి రాగి తీగ మీదికి ఒక ఈల లాంటి టోన్ పంపాను. “బాబాయీ, స్కోపు తీగలు రెండూ కోరాపుట్ లైన్ టెర్మినల్‌కి తగిలించు” అని అరిచాను.

“తగిలించేను.”

“లైన్ వస్తోందా?”

“వస్తాంది బాబూ!”

“సరిగ్గా వస్తోందా? చూసి చెప్పు!”

“లైన్ సక్కగా వస్తాంది బాబూ. ఏటీ వంకర నేదు. ఇంత సక్కగా ఎప్పుడూ రానేదు!”

ఇంకేదో అనబోయాడు. కరకరమని చప్పుడై ఇనుప జత కూడా మూగబోయింది. వానొస్తే అది మూగబోవడం మాకు మామూలే, పట్టించుకోలేదు. నాకు కావలసింది దొరికింది. నా టోన్ అక్కడికి చేరుతోందంటే రాగి తీగ నిక్షేపంలా ఉంది. అటునుంచి వచ్చేది నాకు వినిపించడం లేదంటే నా యంత్రమే పాడైంది.

“తీగలు బాగానే ఉన్నాయక్కా. మా యంత్రమే ఏదో మొరాయించింది. అరగంటలో తీసేస్తాను.”

“నిజమేనా?”

“ఇప్పుడే చూశాడుగా బాబాయి.”

అక్క కిటికీలోంచి స్టాండు వైపు చూసింది. బస్సు కదిలింది. కండక్టరు ఫుట్‌బోర్డు మీద నిలబడి ఇంకెవరైనా వస్తారేమోనని ఒకసారి వెనక్కి చూశాడు. ఆవిడ బోర్డు దగ్గరికి వెళ్లి కూర్చుంది. వేరేవాళ్లని పెడతాం, నువ్వు విశ్రాంతి తీసుకో అంటే ఒప్పుకోలేదు. “కాల్ వస్తే నాకే ముందు తెలుస్తుంది కదా” అంది.

నేను యంత్రం తలుపు తెరిచాను. ఒక్కొక్క ప్యానెలూ తీశాను. కార్డులు మార్చాను. ఉన్న టంకం తీసి కొత్త టంకం వేశాను. బాగున్నవాటిని విప్పి చూసి, బాగున్నాయని మళ్లీ బిగించాను. అరగంట ఎప్పుడో అయిపోయింది. మా సూపర్‌వైజరు ఒడియా మనిషి, మంచివాడు. గుమ్మంలోకి వచ్చి “లైన్ అఛి?” అనేవాడు, లైన్ ఉందా అని. “అఛి సార్, మా సెట్టే ఖరాబ్” అనేవాణ్ణి. జీపు ఇచ్చి ఆవిణ్ణి పంపుదామంటే జీపు నవరంగ్‌పూర్ పోయి ఉంది.

పక్క గదిలో అక్క గొంతు వినపడుతూనే ఉంది. జయపురం, విశాఖపట్నం, మిగతా లైన్లన్నీ శుభ్రంగా పనిచేస్తున్నాయి. ఎవరో పెళ్లివారు వంటమనిషి గురించి మాట్లాడుకున్నారు. ఎవరో కలప వ్యాపారి లారీ రాలేదని బూతులు తిట్టాడు. అందరినీ ఆవిడే కలిపింది. ఖాళీ దొరికితే కళ్లు మూసుకునేది, పెదాలు కదిలేవి. బోర్డు మీద దీపం వెలగ్గానే కళ్లు తెరిచి “ట్రంక్స్” అనేది. మధ్యాహ్నం ఒకసారి మాత్రం గుమ్మం దాకా వచ్చి, “ఇంకెంతసేపు తమ్ముడూ?” అంది. “ఇదిగో అక్కా” అన్నాను. ఇప్పటికీ ఆ మాట ఎవరైనా అంటే నాకు ఒంటికి కారం రాసినట్టు ఉంటుంది.

సాయంత్రం కావస్తుండగా, నేనేమీ ముట్టుకోకుండానే, తెరిచి పడేసిన యంత్రంలోంచి రాయగడ టోన్ కూసింది. నాకు సంతోషం వేయలేదు, అర్థం కాలేదు. నేను బాగుచేయనిది ఎలా బాగుపడింది? మరికాసేపటికి ఇనుప జత కూడా బతికింది. బాబాయి గొంతు, కంగారుగా.

“బాబూ, ఇప్పుడేటి సేసేవు? పొద్దున్న లైన్ సక్కగా ఉండీది. ఇప్పుడు మొత్తం పాడైపోనాది. వంకర్లు వంకర్లుగా, అలలు కొట్టేస్తాంది. ఎర్తు మూడుసార్లు సూసేను, ఆగట్నేదు!”

పొద్దున్నుంచీ ఆపకుండా పంపుతున్న నా టోన్ స్విచ్చి కట్టేశాను.

ఆయన అబద్ధం చెప్పలేదు. అడిగినదానికే జవాబు చెప్పాడు. లైన్ వస్తోందా అన్నాను, తెర మీద లైన్ వచ్చింది. సరిగ్గా వస్తోందా అన్నాను, సరిగ్గానే వచ్చింది, ఎందుకంటే దాన్ని వంచడానికి కోరాపుట్ నుంచి ఏమీ చేరలేదు. నేను ఎప్పటిలాగా గీత అని ఉంటే, గీత ఎలా ఉందని అడిగి ఉంటే, అడ్డంగా ఉంది బాబూ అనేవాడు, నాకు తెలిసిపోయేది. ఆ ఒక్క పూటా నేను తీగ గురించి అడుగుతున్నాను కాబట్టి లైన్ అన్నాను. ఆయనకి ఆ మాటతో ఉన్న సంబంధం వేరు. ఆయన ఆ గీతని నిలబెట్టుకోవడానికి ఎన్ని పొద్దులు తంటాలుపడ్డాడో నాకంటే తెలిసినవాడు లేడు. ఆ పొద్దున అది మచ్చలేకుండా నిలబడితే మురిసిపోయి చెప్పాడు. మా ఇద్దరిలో ఎవడు తప్పు మాట్లాడాడో తేల్చమంటే ఈ రోజుకీ నేను తేల్చలేను. తేలినా ఎవరికి ఉపయోగం?

ఘాటులో సాలచెట్టు కొమ్మ విరిగి తీగల మీద పడిందని తర్వాత తెలిసింది. రాగి తీగ ముందు తెగింది, ఇనుపది కొంచెం ఆగి. గస్తీ తిరిగే లైన్‌మెన్ చూసి సాయంత్రానికి రెండూ అతికారు. అది రోడ్డుకి దూరంగా, అడవి లోపల. రోడ్డు మీద ఏ అడ్డూ లేదు. రాయగడ బస్సు ఆ రోజు వేళకే చేరింది.

బోర్డు మీద రాయగడ దీపం వెలిగింది. నేను గుమ్మంలో నిలబడ్డాను.

పీపీ కాల్. ఫలానా మనిషితోనే మాట్లాడాలని బుక్ చేసుకునే కాల్‌ని అలా అనేవాళ్లం. అవతలి ఆపరేటరు పేరు చెబుతాడు, ఇవతలి ఆపరేటరు ఆ పేరు తిరిగి పలికి, మనిషి ఉన్నారో లేదో చూసి, కలుపుతుంది. అక్క పద్ధతి తప్పలేదు. తన పేరు తానే పైకి చదివింది. “ఉన్నారు. మాట్లాడండి” అంది.

తర్వాత నాకు వినిపించినవి ఆవిడ మాటలే.

“చెప్పండి మాస్టారూ, నేనే.”

“...”

“ఎప్పుడు?”

చాలాసేపు విన్నది. చేతిలో పెన్సిలుంది. దాన్ని బోర్డు అంచు మీద మెల్లగా, సూటిగా పెట్టింది.

“బస్సు దగ్గరికి ఎవరు వెళ్లారు? మీరేనా? ... నేను దిగలేదని ఆయనతో చెప్పారా?”

“...”

“ఏమన్నారు?”

అవతల మాస్టారు ఏం చెప్పాడో నాకు తెలియదు. నేను ఎన్నడూ అడగలేదు, ఆవిడ ఎన్నడూ చెప్పలేదు. ఆవిడ తల ఊపుతూ విన్నది, ఫోన్లో అవతలివాళ్లకి తల ఊపితే కనిపించదని రోజూ జనానికి చెప్పే మనిషి. సూపర్‌వైజరు తలుపు దగ్గర టోపీ తీసి నిలబడ్డాడు. గోడ గడియారం వైపు ఆవిడ కళ్లు ఒకసారి వెళ్లొచ్చాయి.

“మూడు నిమిషాలయ్యాయండీ. పొడిగించమంటారా?” అంది, అందరితో అనే గొంతుతోనే.

మాస్టారు ఏదో అన్నాడు. ఆవిడ బోర్డులోంచి ప్లగ్గు తాడు లాగేసింది. దీపం ఆరింది. హెడ్‌సెట్ తీసి, తల వెంట్రుకలు సర్దుకుని, అప్పుడు నా వైపు తిరిగింది. తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే ఆ ఋణం కొంతైనా తీరేది. ఆవిడ మొహంలో కోపం కోసం వెతికాను, నా మీద లేదు, ఎవరి మీదా లేదు.

“బస్సు మళ్లీ రేపు పొద్దున్నేగా తమ్ముడూ?”

“అవునక్కా.”

“ఈసారి ఆగనులే” అంది.